ఉండాలా, ఉరకాలా? కుర్ర క్వార్టర్‌బ్యాక్‌కి పాకెట్ నేర్పే పద్ధతి

ఏటా ఆగస్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రాక్టీసులు మొదలవగానే నా ఫోన్‌కి రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, మావాడు బాల్ చేతికి రాగానే పరుగు లంకించుకుంటున్నాడు, ఆపమని చెప్పాలా?" అని కొందరు. "మావాడు గుంజలా నిలబడిపోతున్నాడు, వచ్చినవాడల్లా పడేసి పోతున్నాడు" అని ఇంకొందరు. డాలస్ శివార్లలో మన పిల్లలు ఈ ఆటలోకి వస్తున్నకొద్దీ ఈ మెసేజ్‌లు పెరుగుతున్నాయి. మావాడు ఏడో తరగతి నుంచి క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాస్ విసిరేవాడు) ఆడుతున్నాడు, ఇప్పుడు హైస్కూల్ జేవీ (జూనియర్ వర్సిటీ, అంటే రెండో జట్టు) టీమ్‌లో ఉన్నాడు. ఈ రెండు తప్పులూ మా ఇంట్లోనే జరిగాయి, అదీ ఈ వరుసలోనే.

ఒక్కొక్కరికి విడిగా చెప్పలేక మొత్తం ఇక్కడ రాస్తున్నాను. 11 నుంచి 16 ఏళ్ళ మధ్య ఉండి, టాకిల్ ఫుట్‌బాల్ (మనిషిని పట్టి పడేసే ఆట) ఆడే పిల్లల కోసం ఇది. ఇందులో ఏదైనా మీ కోచ్ చెప్పినదానికి అడ్డం వస్తే కోచ్ మాటే వినండి. ప్లే గీసేది ఆయన, మనం కాదు.

## 1. పాకెట్ ఎక్కడుందో ముందు చూపించండి

చాలామంది పిల్లలకి పాకెట్ అన్న మాట తెలుసు కానీ దాని హద్దులు తెలియవు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఐదుగురు లైన్‌మెన్ ఉంటారు: మధ్యలో సెంటర్, ఆయనకి అటూ ఇటూ గార్డులు, చివర్లో టాకిల్స్ (ఇక్కడ ఇది ఆటగాడి పేరు). వాళ్ళు వెనక్కి తగ్గుతూ కట్టే గుర్రపునాడా ఆకారమే పాకెట్. షాట్‌గన్ అనే అమరికలో క్వార్టర్‌బ్యాక్ సెంటర్‌కి సుమారు ఐదు గజాల వెనక నిలబడతాడు. అక్కడి నుంచి ఒకటో మూడో అడుగులు వెనక్కి వేసి ఆగుతాడు. ఆగిన ఆ చోటే ముఖ్యం.

ఎందుకో చెబుతాను. టాకిల్ తన వెనక ఏం జరుగుతోందో చూడలేడు. క్వార్టర్‌బ్యాక్ ఫలానా లోతులో ఉంటాడన్న నమ్మకంతో, అంచు నుంచి వచ్చే రషర్‌ని (మీదికి దూసుకొచ్చే అవతలివాణ్ణి) ఆ చోటు దాటించి వెనక్కి తోసేస్తాడు. రషర్ చుట్టూ తిరిగి పిల్లాడి వెనక నుంచి పోవాలి. మన పిల్లాడు భయపడి ఇంకో మూడు గజాలు వెనక్కి పోయాడనుకోండి, టాకిల్ తోసిన రషర్ సరిగ్గా వాడి ఒళ్ళోకే వస్తాడు. గ్యాలరీలో మనం "లైన్ సరిగ్గా లేదు" అని తిట్టుకుంటాం. ఆ టాకిల్ పిల్లాడు తన పని తాను చక్కగానే చేశాడు.

ఇంకో సంగతి. ఉండటం, ఉరకడం అని రెండే దారులు ఉన్నాయనుకుంటాం. మధ్యలో మూడోది ఉంది: జరగడం. ఒకటి రెండు అడుగులు ముందుకో పక్కకో జరిగి, కళ్ళు దించకుండా, మళ్ళీ విసరడానికి సిద్ధంగా నిలబడటం. ఇది రాని పిల్లాడు ఉన్నా భయంతోనే ఉంటాడు, పరుగెత్తినా భయంతోనే పరుగెత్తుతాడు. ఈ వ్యాసంలో సగం దాని గురించే.

## 2. మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి

ముందు మీవాడు ఎక్కడి నుంచి వచ్చాడో చూడండి. ఫ్లాగ్ ఫుట్‌బాల్ (పడేయకుండా నడుముకున్న జెండా లాగే ఆట) నుంచి వచ్చినవాడైతే, ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) ఫ్లాగ్ నియమాల్లో స్నాప్ (సెంటర్ వెనక్కి ఇచ్చే బంతి) అందుకున్న క్వార్టర్‌బ్యాక్ తానే ప్లే మొదలైన గీత దాటి పరుగెత్తకూడదు. పాస్ వేయడానికి ఏడు సెకన్లు ఉంటాయి. ఏడు! ఆ అలవాటుతో టాకిల్‌లోకి వస్తే బంతి చేతిలో పట్టుకుని కూర్చుంటాడు. వేసవిలో సెవెన్ ఆన్ సెవెన్ (ఏడుగురేసి ఆడే పాస్‌ల ఆట) ఎక్కువ ఆడినవాడికి విసరడం బాగా వస్తుంది కానీ అక్కడ లైన్ ఉండదు, మీదికి వచ్చేవాడూ ఉండడు. వాడు పాకెట్‌ని కొత్తగా నేర్చుకోవాల్సిందే.

తర్వాత వీడియో. ఫోన్‌తో గ్యాలరీ పైవరస నుంచి తీయండి, పిల్లాడి మొహం మీదికి జూమ్ చేయకండి. ఇరవై రెండు మందీ కనబడాలి. ఇంటికొచ్చాక ప్రతి పాస్ ప్లేకీ స్టాప్‌వాచ్ పట్టుకుని, స్నాప్ నుంచి బంతి చేయి వదిలేదాకా ఎంత సేపు పట్టిందో చూడండి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనే సగటున రెండున్నర, మూడు సెకన్ల మధ్య బంతి వదిలేస్తారు. మీవాడు మూడున్నర దాకా పట్టుకుని పడిపోతుంటే తప్పు లైన్‌ది కాదు. ఒకటిన్నరకే పరుగు మొదలెడుతుంటే రెండో రిసీవర్‌ని (పాస్ అందుకునేవాణ్ణి) అసలు చూడనే లేదన్నమాట.

మొదటి వారంలోపు చేసుకోవలసిన పనులు:

- బంతి సైజు సరిచూడండి. 9–12 ఏళ్ళకి జూనియర్, 12–14కి యూత్, ఆపైన అఫీషియల్. చేతికి పట్టని బంతి ఇస్తే విసరడానికి భయపడి పరుగెత్తుతారు.
- కోచ్‌ని మూడు ప్రశ్నలు అడగండి: ఎంతమందిని చూడమంటున్నారు? పాకెట్ కూలితే ఎటు రమ్మంటున్నారు? బంతి బయటికి విసిరేయడానికి అనుమతి ఉందా?
- లీగ్ నియమాలు తెలుసుకోండి. టెక్సస్ ప్రభుత్వ పాఠశాలలు ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంస్థ) నియమాలతో ఆడతాయి, మిగతా చోట్ల ఎక్కువగా ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (హైస్కూల్ ఆటల సమాఖ్య). చిన్నపిల్లల లీగులు వీటికి సొంత మార్పులు చేసుకుంటాయి.
- స్టాట్స్ చూసి కంగారు పడకండి. హైస్కూల్, కాలేజీ లెక్కల్లో సాక్ అయి (పాస్ వేయకముందే వెనక పడిపోయి) పోగొట్టుకున్న గజాల్ని క్వార్టర్‌బ్యాక్ పరుగు గజాల్లోంచి తీసేస్తారు. మైనస్ 14 కనబడితే పరుగు చేతకాలేదని కాదు, వెనక పడిపోయాడని.

## 3. స్నాప్‌కి ముందే సగం నిర్ణయం

పరుగెత్తాలా వద్దా అన్నది మీద మనిషి పడుతుంటే ఆలోచించే విషయం కాదు. పిల్లాడు స్నాప్‌కి ముందు నాలుగు చూసుకోవాలి, అదీ ఈ వరుసలో:

1. ఎన్నో డౌన్ (పది గజాలు సాధించడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని గజాలు కావాలి.
2. లోతులో సేఫ్టీలు (అందరికంటే వెనక కాపలా ఉండే డిఫెండర్లు) ఎందరు? ఒకడా, ఇద్దరా?
3. లైన్ మీదికి ఎందరు వచ్చారు? మనవాళ్ళు ఆపగలిగినవాళ్ళకంటే ఒకడు ఎక్కువ ఉంటే ఆ ఒకడు ఎవడు?
4. తప్పనిసరైతే ఎటు వెళ్ళాలి?

మూడోదే కష్టం. ఆ ఖాళీ మనిషి వచ్చేస్తే వాణ్ణి తప్పించుకోవాలని చూడకూడదు. వాడు వదిలి వచ్చిన చోటికే బంతి వెంటనే పోవాలి. దీన్నే హాట్ అంటారు. ఏ రిసీవర్ హాట్ అన్నది కోచ్ ముందే చెప్పి ఉంటాడు. పిల్లాడు గుర్తుపెట్టుకోవాలంతే.

ఇంట్లో దీన్ని సాధన చేయడం తేలిక. కాఫీ టేబుల్ మీద పదకొండు వేరుశెనగ గింజలు పేర్చి "ఇప్పుడు ఎవడు ఖాళీ?" అని అడగండి. మావాడు జవాబు చెప్పి ఆ గింజ తినేసేవాడు.

## 4. స్నాప్ తర్వాత వరుస

ఈ వయసు పిల్లాడికి ఇద్దరు రిసీవర్లు, ఒక చెక్‌డౌన్ చాలు. చెక్‌డౌన్ అంటే దగ్గర్లో ఉండే రన్నింగ్ బ్యాక్‌కి వేసే చిన్న పాస్. నలుగురైదుగురిని వరుసగా చూడటం పెద్దవాళ్ళ విద్య.

1. బంతి అందుకో, వేళ్ళు కుట్టు మీదికి తెచ్చుకో.
2. అడుగులు వేసి ఆగు. చివరి అడుగు నేలలో దిగాలి, ఊగకూడదు.
3. మొదటివాణ్ణి చూడు. ఖాళీగా ఉంటే వేసెయ్.
4. చిన్న ఎగురు అడుగు ఒకటి వేసి రెండోవాణ్ణి చూడు.
5. చెక్‌డౌన్.
6. అప్పటికీ చేతిలోనే ఉంటే బయటికి వచ్చేయ్.

మొత్తం మూడు సెకన్లలోపు. పాకెట్‌లో "నిదానమే ప్రధానం" నాలుగో మెట్టు దాకే, ఆ తర్వాత "ఆలస్యం అమృతం విషం". రెండు సామెతలూ ఒకే ప్లేలో చెల్లుతాయి.

మొదట్లో పిల్లాడి చేత ఈ ఆరూ బంతి లేకుండా, గదిలో, నోటితో చెప్పించండి. "ఒకటి... రెండు... చెక్... బయటికి." నోరు లయ పట్టాక కాళ్ళు వాటంతట అవే పడతాయి.

## 5. జరగడం: అసలు పని ఇక్కడే

ఎన్‌ఎఫ్‌ఎల్ క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ 2000లో డ్రాఫ్ట్‌కి (టీమ్‌లు కొత్తవాళ్ళని ఎంచుకునే కార్యక్రమానికి) ముందు 40 గజాల పరుగు 5.28 సెకన్లలో తీశాడు. క్వార్టర్‌బ్యాక్‌లలో కూడా నెమ్మదే అది. ఆయన ఇరవై ఏళ్ళకి పైగా నిలబడింది కాళ్ళ వేగంతో కాదు, పాకెట్‌లో అడుగు అటూ ఇటూ వేయడంతో. మీవాడు వేగంగా పరుగెత్తగలిగినా ముందు ఇదే నేర్పండి. వేగం ఉన్న పిల్లలకే ఇది ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే పన్నెండేళ్ళ వయసులో వాళ్ళకి దీని అవసరం పడదు. అందరికంటే ముందు పరుగెత్తేస్తారు. తొమ్మిదో తరగతిలో అవతలి లైన్‌బ్యాకర్ కూడా అంతే వేగంగా వస్తాడు, అప్పుడు తెలుస్తుంది.

ఒత్తిడి ఎటు నుంచి వస్తే ఏం చేయాలి:

- అంచు నుంచి వస్తే: ముందుకు ఒకటి రెండు అడుగులు. రషర్ వెనక నుంచి దాటిపోతాడు.
- మధ్య నుంచి, అంటే సెంటర్, గార్డుల మీదుగా వస్తే: పక్కకి జరుగు, ఖాళీ ఉన్న వైపు.
- ఎవరూ ఆపని మనిషి నేరుగా వస్తే: జరగడం లేదు, హాట్‌కి వేసెయ్.
- ఏమీ రాకపోతే: కదలకు. చాలా సాక్‌లు ఇక్కడే పుడతాయి, లేని మనిషిని ఊహించుకుని పరుగెత్తి ఉన్న మనిషి చేతిలో పడటం.

జరిగేటప్పుడు మూడు గుర్తుంచుకోవాలి. రెండు చేతులూ బంతి మీదే, ఛాతీ ఎత్తులో. కాళ్ళు ఒకదానికొకటి తగలకూడదు, దాటకూడదు. చూపు రిసీవర్ల మీదే.

చూపు దించకుండా పక్కనున్నవాణ్ణి ఎలా తప్పించుకుంటాం అని పిల్లలు అడుగుతారు. కబడ్డీలో కూతకి వెళ్ళినవాడు ఎదుటివాణ్ణే చూస్తూ మూల నుంచి వచ్చేవాణ్ణి కనిపెట్టడూ? అదే. కంటి అంచుతో చూడటం అలవాటవుతుంది, కానీ రోజూ చేయాలి.

పెరట్లో చేసే సాధన

మా ఇంట్లో సామాను ఇది: చక్రాల చెత్త డబ్బాలు రెండు, పాత దిండు ఒకటి, వాడి చెల్లెలు. డబ్బాలు రెండింటినీ ఆరేడు అడుగుల దూరంలో టాకిల్స్‌లాగా పెట్టాను. వాటికి కొంచెం వెనక మావాడు. పదిహేను గజాల అవతల చెల్లెలు, చేతులు వెనక పెట్టుకుని.

నేను డబ్బా బయట నుంచి చుట్టు తిరిగి దిండుతో మీదికి వెళ్ళాలి. వాడు ముందుకు అడుగేసి తప్పుకోవాలి. అదే క్షణంలో చెల్లెలు వేళ్ళు చూపిస్తుంది, వాడు ఎన్నో గట్టిగా చెప్పి బంతి వేయాలి. తెలుగులోనే చెప్పాలని దాని షరతు. మొదటి రోజు పది సార్లు చేస్తే దిండు దెబ్బ ఎనిమిది సార్లు తగిలింది. తప్పించుకున్న రెండు సార్లూ వేళ్ళు చూడలేదు. దిండు చూశాడు, లేకపోతే వేళ్ళు చూశాడు, రెండూ కలిసి రాలేదు. మూడో వారానికి నేను పరుగు పెంచాల్సి వచ్చింది. ఇప్పుడు నాకు ఆయాసం, వాడికి కాదు.

రోజుకి పదిహేను సార్లు మించి వద్దు. అలసిపోయాక చేసేది తప్పుడు అలవాటుగా కాళ్ళలో ఉండిపోతుంది.

## 6. పరుగెత్తాల్సినప్పుడు

పరుగులు రెండు రకాలు. కోచ్ పిలిచినవి ఒకటి: జోన్ రీడ్, డ్రా, స్నీక్ లాంటివి. వాటిలో నిర్ణయించుకునేది తక్కువ, ప్లే ఎటు ఉంటే అటు వెళ్ళాలి. పాస్ ప్లేలో పిల్లాడు సొంతంగా మొదలెట్టే పరుగు రెండోది, దాన్నే స్క్రాంబుల్ అంటారు. గొడవంతా దానితోనే.

స్క్రాంబుల్‌కి మూడూ కుదరాలి: ఇద్దరినీ చూశాడు, ముందు దారి కనబడింది, ఆ పరుగుతో వచ్చే గజాలు పనికొస్తాయి.

దారి సంగతిలో పిల్లలకి ఒక గుర్తు చెప్పండి. డిఫెండర్ల వీపులు కనబడుతున్నాయా, ముఖాలా? మ్యాన్ కవరేజీలో డిఫెండర్ తన రిసీవర్ వెంట పరుగెత్తుతాడు కాబట్టి వీపు మన వైపు ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ కదిలాడన్న సంగతి వాడికి ఆలస్యంగా తెలుస్తుంది, అంతలో పది గజాలు వచ్చేస్తాయి. జోన్‌లో (మనిషిని కాక చోటుని కాపలా కాసేటప్పుడు) అందరూ మన వైపే చూస్తుంటారు. అడుగు కదిపితే చాలు, ముగ్గురు దిగుతారు.

బయటికి వచ్చే తలుపులకీ వరుస ఉంది. ముందు నుంచి, గార్డుల మధ్య సందులోంచి రావడం అన్నిటికంటే మంచిది. నేరుగా గజాలు వస్తాయి, తప్పినా నష్టం తక్కువ. పక్క నుంచి రావడం రెండోది. వెనక నుంచి తిరిగి రావడం ఆఖరిది. మిడిల్ స్కూల్ పిల్లల్లో నూటికి తొంభై మంది వెనక తలుపే వెతుకుతారు.

2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ చివరి నిమిషాల్లో తీసిన 26 గజాల పరుగు వెతికి చూపించండి. స్కోరు సమానంగా ఉంది, చీలమండ అప్పటికే దెబ్బతిని ఉంది. ఎదురుగా సందు కనబడింది, వెళ్ళాడు. మన టెక్సస్ వైట్‌హౌస్ పిల్లాడే. ఆ వీడియోలో పరుగు కాదు, పరుగుకి ముందు అడుగు ఎటు వేశాడో ఆపి ఆపి చూడాలి.

డౌన్‌ని బట్టి:

- మూడో డౌన్, ఆరు గజాల్లోపు: దారి ఉంటే వెళ్ళు.
- మొదటి డౌన్: నాలుగు గజాలు వచ్చినా లాభమే, జారి ఆగిపో.
- మూడో డౌన్, పదిహేను: హీరోయిజం వద్దు. చెక్‌డౌన్ వేయి.
- ఆఖరి రెండు నిమిషాలు, టైమ్‌అవుట్లు లేవు: సైడ్‌లైన్ దాటగలిగితేనే పరుగు.
- సొంత ఎండ్ జోన్ (మన గోల్ గీత వెనక భాగం) దగ్గర: వెనక్కి అడుగు వేయొద్దు. అక్కడ పట్టుబడితే సేఫ్టీ (ఇక్కడ ఆటగాడు కాదు, స్కోరు పేరు), అవతలివాళ్ళకి రెండు పాయింట్లు, బంతి కూడా వాళ్ళకే.

## 7. పాకెట్ దాటాక, గీత దాటక ముందు

బయటికి వచ్చినంత మాత్రాన పరుగే అని కాదు. లైన్ ఆఫ్ స్క్రిమేజ్ (ప్లే మొదలైన గీత) దాటేదాకా వాడు ఇంకా విసిరేవాడే. దాటాక ముందుకు విసిరితే ఐదు గజాల జరిమానా, ఆ డౌన్ కూడా పోతుంది.

కుడిచేతివాటం పిల్లాడు కుడివైపు వచ్చేటప్పుడు భుజాలు లక్ష్యం వైపు తిప్పి, విసిరిన వైపే రెండడుగులు పరుగు కొనసాగించాలి. ఎడమవైపు వస్తే నడుము ముందు తిప్పాలి, లేకపోతే బంతి తేలిపోతుంది. ఎటు వచ్చినా వెనక్కి తిరిగి మైదానం మధ్యలోకి వేయకూడదు. అది అవతలివాడికి పుట్టినరోజు కానుక.

రిసీవర్లకీ నియమాలు ఉంటాయి, కోచ్‌ని అడిగి మీవాడి స్నేహితులందరికీ చెప్పించండి. సాధారణంగా లోతులో ఉన్నవాడు వెనక్కి రావాలి, దగ్గరున్నవాడు లోతుకి పోవాలి, మధ్యలోవాడు క్వార్టర్‌బ్యాక్ వచ్చే వైపే పక్కగా పరుగెత్తాలి. ఇది తెలియని రిసీవర్లు నిలబడి చూస్తుంటారు. అప్పుడు మన పిల్లాడికి పరుగు తప్ప గతి లేదు, తప్పు మళ్ళీ వాడి మీదే పడుతుంది.

ఏదీ లేకపోతే బంతి బయట పారెయ్. టాకిల్ ఉండే చోటు దాటి పక్కకి వచ్చాక, బంతి లైన్ ఆఫ్ స్క్రిమేజ్ దాకా చేరేలా విసిరితే జరిమానా లేదు. ఎన్‌సీఏఏ నియమాల్లో ఈ వెసులుబాటు ఎప్పటి నుంచో ఉంది, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌లోకి 2022లో వచ్చింది. పాకెట్‌లోనే ఉండి ఖాళీ చోటికి పారేస్తే మాత్రం గ్రౌండింగ్, అంటే జరిమానా.

పారేసిన బంతికి ఇంటికొచ్చాక మెచ్చుకోండి. మనం క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం, మంచి బంతిని వదిలేసిన బ్యాట్స్‌మన్‌కి చప్పట్లు కొట్టేవాళ్ళం. ఇదీ అంతే.

## 8. పరుగుని ముగించడం

పరుగు మొదలెట్టడం నేర్పే కోచ్‌లు చాలామంది. ముగించడం నేర్పేవాళ్ళు తక్కువ. దెబ్బలు తగిలేది ముగింపులోనే.

2024 సెప్టెంబరులో మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగొవైలోవా పరుగెత్తి, జారకుండా ముందుకి వంగి డిఫెండర్‌ని గుద్దుకున్నాడు. కంకషన్, అంటే తల దెబ్బకి మెదడు అదరడం. అనుభవం ఉన్న ఆటగాడికే ఆ క్షణంలో అలవాటు మాట వినలేదు. పిల్లాడికి అది ఆలోచించకుండా రావాలంటే ముందే ఒంటికి పట్టాలి.

స్లైడ్ (జారి ఆగడం) నేర్పే వరుస:

1. పచ్చిక మీద టార్పాలిన్ పరచండి, నీళ్ళు పోయండి, కొంచెం బేబీ షాంపూ. ప్యాడ్లు వద్దు, పాత ప్యాంటు చాలు.
2. నిలబడి కూర్చోవడంతో మొదలు. ఒక కాలు మడిచి కింద, రెండోది ముందుకు చాచి.
3. తర్వాత నడుస్తూ, తర్వాత నెమ్మది పరుగుతో.
4. గడ్డం ఛాతీకి ఆనించాలి, తల వెనక్కి వాలకూడదు. రెండు చేతుల్లో బంతి, కడుపు మీద.
5. ఆఖరున ఎదురుగా మీరు నిలబడండి. మీకు మూడు నాలుగు గజాల ముందే జారడం మొదలవ్వాలి.

ఐదోదే అసలు పరీక్ష. జారడం అందరికీ వస్తుంది, సమయానికి జారడం రాదు. ఇంకో గజం వస్తుందేమో అన్న ఆశ. ఎన్‌సీఏఏ నియమాల్లో పాదాలు ముందుకి పెట్టి జారడం మొదలెట్టిన చోటే బంతి ఆగుతుంది, కాబట్టి ఆలస్యంగా జారితే వచ్చేది గజం, పోయేది పక్కటెముక.

దొంగ స్లైడ్ ఊసే ఎత్తనివ్వకండి. 2021 డిసెంబరులో ఏసీసీ (ఒక కాలేజీ లీగ్) ఫైనల్లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ కెన్నీ పికెట్ జారబోతున్నట్టు నటించి 58 గజాల టచ్‌డౌన్ తీశాడు. వెంటనే ఎన్‌సీఏఏ, జారుతున్నట్టు మొదలెట్టినా ఆట ఆగినట్టే అని చెప్పేసింది. మీవాడు చేస్తే గజాలు రావు, పైగా వచ్చేసారి నిజంగా జారినా అవతలివాడు నమ్మడు.

పరుగులో బంతి ఎలా పట్టుకోవాలి: వేళ్ళు మొన మీద, అరచేయి, ముంజేయి, కండ, పక్కటెముకలు. ఐదు చోట్ల ఒత్తిడి ఉండాలి. డిఫెండర్ కుడివైపు ఉంటే బంతి ఎడమ చేతిలో.

## 9. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

మొదటివాణ్ణి చూసి పరుగు. అందరికంటే ఎక్కువగా కనబడేది ఇదే. ప్లే అయ్యాక "ఎందుకు పరుగెత్తావు?" అనకండి, "రెండోవాడు ఎవరు?" అని అడగండి. పేరు చెప్పలేకపోతే సమాధానం దొరికినట్టే. సాధనలో మొదటి రిసీవర్ని కావాలనే తీసేసి రెండోవాడితోనే ప్లే నడపండి.

గిరగిరా తిరగడం. రషర్ రాగానే వెనక్కి తిరిగి బొంగరంలా బయటికి రావడం. ఒకసారి తప్పించుకుంటే ఫ్రెండ్స్ కేకలేస్తారు, అక్కడితో అలవాటైపోతుంది. తిరిగిన ఆ అర సెకను మైదానం కనబడదు. పన్నెండేళ్ళకి చెల్లుతుంది, పదిహేనుకి చెల్లదు.

ఎప్పుడూ కుడివైపే. రెండో క్వార్టర్‌కల్లా అవతలి కోచ్ పట్టేస్తాడు, అటువైపు ఒకణ్ణి కాపలా పెడతాడు. వారంలో ఒకరోజు సాధన మొత్తం ఎడమవైపే చేయించండి.

ఒంటి చేత్తో బంతి. వెనక నుంచి వచ్చినవాడు బంతి మీద కొడితే ఫంబుల్, అంటే బంతి చేజారిపోతుంది. పాకెట్‌లో చేయి వదిలితే ఐదు పుష్అప్స్, మా ఇంట్లో జరిమానా.

కదలనే కదలకపోవడం. దీనికి బాధ్యత నాదే. ఏడో తరగతిలో మావాడు ఊరికే పరుగెత్తుతున్నాడని గంటకి ఇంత అని తీసుకునే ఒక ప్రైవేట్ ట్రైనర్ దగ్గర చేర్చాను. ఆయన సూత్రం ఒకటే: పాకెట్ వదిలితే మైదానం చుట్టూ పరుగు. రెండు నెలలకి వాడు కదలడం మానేశాడు. ఆ సీజన్ రెండో మ్యాచ్‌లో ఎదురుగా పది గజాల ఖాళీ ఉండగా నిలబడి నిలబడి పడిపోయాడు. కారులో అడిగితే "వెళ్ళొచ్చో లేదో తెలియలేదు నాన్నా" అన్నాడు. తర్వాతి వారమే మాన్పించాను. దిద్దడానికి చేసింది చిన్నదే: సాధనలో నేను ఉన్నట్టుండి "ఉండు", "జరుగు", "ఉరుకు" అని ఏదో ఒకటి అరిచేవాణ్ణి, వాడు అది చేయాలి. పది రోజులయ్యాక నేను అరవడం మానేసి, దారి తెరిచో మూసో చూపించాను. అప్పుడు మాట తనే చెప్పుకున్నాడు.

రషర్‌ని చూడటం. ఐదో భాగంలోని వేళ్ళ సాధనే మందు. వేరే మందు లేదు.

## 10. వారం ప్లాన్

టీమ్ ప్రాక్టీసు కాక రోజుకి ఇరవై నిమిషాలు, అంతకంటే ఎక్కువ వద్దు. స్కూల్ హోంవర్క్ కూడా ఉంది కదా.

- సోమ: పోయిన మ్యాచ్ వీడియో, స్టాప్‌వాచ్.
- మంగళ: దిండు, వేళ్ళ సాధన.
- బుధ: పక్కకి వచ్చి విసరడం, సగం ఎడమవైపు.
- గురు: గింజలతో డౌన్ల ప్రశ్నలు. మ్యాచ్ ఆ రోజే ఉంటే ఏమీ వద్దు.
- శని: స్లైడ్, తర్వాత ఆట. మిగిలిన రోజులు సెలవు.

## 11. గ్యాలరీలో మన పని

ఇది చివర పెట్టాను కానీ నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే. మ్యాచ్‌లో పాకెట్ కాస్త కదలగానే "ఉరకరా!" అని అరిచేవాణ్ణి. మన గొంతు అన్ని గొంతుల్లోనూ పిల్లలకి వినబడుతుంది, పైగా తెలుగు. ఒకరోజు వాడే చెప్పాడు: "నువ్వు అరవగానే నేను కిందకి చూస్తున్నా నాన్నా. ఎవరో వచ్చేశారనుకుంటున్నా." ఆ రోజు నుంచి స్నాప్ అయ్యాక నేను మాట్లాడను. మా ఆవిడ చేయి పట్టుకుని కూర్చుంటుంది, నేను లేవకుండా.

తల దెబ్బ విషయంలో మాత్రం నోరు విప్పండి. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, వెలుతురు చూడలేకపోవడం, ప్లే పేరు మర్చిపోవడం, వీటిలో ఏది కనబడినా కోచ్‌కి చెప్పండి. టెక్సస్‌లో 2011 చట్టం ప్రకారం కంకషన్ అనుమానం వస్తే పిల్లాణ్ణి ఆటలోంచి తీసేయాలి, డాక్టర్ రాసిచ్చేదాకా తిరిగి ఆడించకూడదు. "ఒక్క క్వార్టరే కదా" అనే బేరం పెట్టకండి.

మ్యాచ్ అయ్యాక రాసుకునే కాగితం ఇలా ఉంటుంది. ఒక్కో పాస్ ప్లేకీ ఒక వరుస, నాలుగు గళ్ళు:

- ఎన్ని సెకన్లు
- ఉన్నాడా, జరిగాడా, ఉరికాడా
- రెండోవాణ్ణి చూశాడా
- ఎలా ముగిసింది: పాస్, స్లైడ్, బయటికి, పారేశాడు, సాక్

గళ్ళు నింపేది పిల్లాడే, పెన్ను వాడి చేతికివ్వండి. మొదటి సీజన్లో మావాడి రెండో గడి నిండా "ఉ" ఉండేది, ఉన్నాడో ఉరికాడో నాకు అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఉరికినదానికి చిన్న బాణం గుర్తు పెడుతున్నాడు. పోయిన గురువారం కాగితంలో బాణాలు రెండే ఉన్నాయి, రెండిటి పక్కనా "స్లైడ్" అని రాసి ఉంది. ఒకదాని పక్కన ఇంకా చిన్న అక్షరాలతో "కొంచెం లేటు".